పది రోజులకని రాసిన మాత్ర

నూజివీడులో ముప్ఫై ఏళ్ళ పైన మత్తు డాక్టరుగా పనిచేశాను. ఊళ్ళో "మత్తు డాక్టరమ్మ" అంటే అందరికీ తెలుసు, పేరు అడిగితే సగం మంది చెప్పలేరు. అందులో వాళ్ళ తప్పేం లేదు. పేషంటు నన్ను మెలకువగా చూసేది ఐదు నిమిషాలు. నేనిచ్చే మందు ఆ ఐదు నిమిషాల్ని కూడా చెరిపేస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆందోళనకీ నిద్రకీ మాత్రలు రాసే ఏ డాక్టరైనా చదవొచ్చు. నా డిగ్రీల గురించీ సన్మానాల గురించీ రాయడం లేదు. నేను బాగా చేసిన కేసులు చాలానే ఉన్నాయి, వాటి గురించి చెప్పుకోవడానికి నాకు మొహమాటమూ లేదు. కానీ బాగా జరిగినవాటి నుంచి నేను నేర్చుకున్నది తక్కువ. అందుకని ఒక చిన్న సంగతి, ఒక పెద్ద తప్పు చెబుతాను. పెద్ద తప్పు నాది.

నాంచారమ్మ భుజం

పనిలో చేరిన మొదటి రోజులు. మామిడి కోతల కాలం. ముసునూరు వైపు తోటలో నాంచారమ్మ అనే కూలీ మనిషి నిచ్చెన మీంచి జారిపడితే భుజం కీలు తప్పింది. మా నర్సింగ్ హోమ్‌కి తీసుకొచ్చారు. సర్జన్ చలపతి గారు భుజం ఎక్కించాలి, నేను మత్తు ఇవ్వాలి. మగతా మరుపూ తెచ్చే మిడజోలమ్ నరంలోకి ఎక్కించాను. నొప్పి మందు మాత్రం నామమాత్రంగా ఇచ్చాను. చలపతి గారికి అప్పుడు కూడా తొందరే.

"మూడు నిమిషాల పని మేడమ్, ఆవిడకి గుర్తే ఉండదు" అన్నారు.

ఆయన చెయ్యి లాగగానే ఆవిడ లేచి కూర్చున్నంత పని చేసింది. "అమ్మో, చంపేత్తన్నాడు!" అని అరిచింది. చలపతి గారి తాతముత్తాతల్ని కూడా వదల్లేదు. భుజం టక్కున ఎక్కింది. పావుగంట తర్వాత నన్ను పిలిచి, "డాక్టరమ్మా, ఇంకెప్పుడు ఎక్కిత్తారండీ? సాయంత్రం మా ట్రాక్టరు ఎల్లిపోద్ది" అంది.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మర్నాడు కట్టు చూడటానికి చలపతి గారు దగ్గరికెళ్ళేసరికి నాంచారమ్మ మంచం మీద వెనక్కి జరిగిపోయింది. ముఖం తెల్లబోయింది. "ఏంటమ్మా, నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"నొప్పేం లేదండి. ఏమోనండి, ఆయన్ని చూత్తే చెయ్యి దానంతటదే ఎనక్కి పోతంది."

నా నవ్వు అక్కడ ఆగిపోయింది. జరిగింది ఆమె చెప్పలేకపోయింది, అంతే. లోపల ఎక్కడో ఉంది. గుర్తుండకపోవడం, నొప్పి లేకపోవడం ఒకటి కాదు. ఆ తర్వాత నా సర్వీసులో ఎవరు ఎంత తొందరపెట్టినా, నొప్పి మందు ఇవ్వాల్సిన చోట మరుపు మందుతో సరిపెట్టలేదు.

ఒకే మందు, నాలుగు పనులు

ఇక్కడ కాస్త మెదడు గురించి చెప్పాలి. ఇది అర్థమైతేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

మెదడులో ఒక కణం ఇంకో కణానికి "ఆగు" అని చెప్పడానికి గాబా అనే రసాయనాన్ని వాడుతుంది. ఆ మాట అందుకునే చోటు గాబా రిసెప్టర్. మిడజోలమ్, డయజిపామ్, ఆల్ప్రజోలమ్, ఇవన్నీ ఆ రిసెప్టర్ పక్కనే అతుక్కుని "ఆగు" అన్న మాటని ఇంకాస్త గట్టిగా వినిపిస్తాయి. నేను చదువుకున్నప్పుడు మాకు చెప్పింది ఇంతవరకే. మందు ఎక్కువిస్తే నిద్ర, తక్కువిస్తే ధైర్యం అనుకునేవాళ్ళం.

అది సగం నిజం. ఆ రిసెప్టర్లన్నీ ఒక్క రకం కావు. ఐదు ముక్కలు కలిస్తే ఒక రిసెప్టర్ అవుతుంది. అందులో ఆల్ఫా అనే ముక్క ఏ నంబరుదన్నదాన్ని బట్టి దాని పని మారుతుంది. ఆల్ఫా ఒకటి ఉన్నవాటి మీద మందు పనిచేస్తే నిద్రమత్తు వస్తుంది, ఫిట్స్ ఆగుతాయి, కొంత మరుపు కూడా వస్తుంది. మందుకి అలవాటు పడటంలోనూ దీని చెయ్యి ఉందంటారు. ఆల్ఫా రెండు ఉన్నవి ఎక్కువగా భయం తగ్గిస్తాయి. రెండూ మూడూ కలిసి కండరాల బిగువు సడలిస్తాయి. ఆల్ఫా ఐదు ఎక్కువగా ఉండేది మెదడులో జ్ఞాపకాలు తయారయ్యే చోట. ఎలుకల్లో ఆల్ఫా ఒకటిని మందుకి స్పందించకుండా మార్చి చూస్తే, మందు వేసినా అవి మగతగా పడుకోలేదు, కానీ బెదురు మాత్రం తగ్గింది. అంటే నిద్ర వేరు, ధైర్యం వేరు, మరుపు వేరు. మనిషిలో ఈ గీతలు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఉండవు, అయినా మొత్తం మీద నిజం ఇదే.

మనం రాసే మామూలు మాత్రకి ఈ తేడా తెలియదు. అది అన్ని చోట్లకీ వెళ్ళి కూర్చుంటుంది. భయానికని రాస్తాం, జ్ఞాపకం దగ్గర కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. ఇంకో సంగతి, నేను చాలా ఆలస్యంగా పట్టించుకున్నది: రోజూ వేసుకుంటుంటే ఈ పనులన్నీ ఒకేసారి తగ్గవు. మత్తు ముందు పోతుంది. "ఇప్పుడు నిద్ర రావడం లేదండీ, ఇంకో సగం వేసుకోనా" అంటారు. మరుపు మాత్రం చాలామందిలో అలాగే ఉండిపోతుంది. పైకి మనిషి చురుగ్గా కనపడతాడు. లోపల కొత్త సంగతులు నిలవవు, పాతవి సమయానికి అందవు.

ఇదంతా నేను క్లాసుల్లో ధారాళంగా చెప్పేదాన్ని. చెప్పడం వేరు, చెయ్యడం వేరని ఆచార్యులు గారి వల్ల తెలిసింది.

ఆచార్యులు గారు

ఆగిరిపల్లి దగ్గర ఒక గ్రామంలో ఆయన అర్చకులు. శేషాచార్యులు గారు. మొదటిసారి వచ్చినప్పుడు యాభై దాటి ఉంటాయి. కుడివైపు హెర్నియా. సన్నగా, గట్టిగా ఉండే మనిషి. గుళ్ళో మైకు లేకుండా చదివితే వీధి చివరికి వినపడుతుందని భార్య ఆండాళ్ళమ్మ గారు గర్వంగా చెప్పారు. అలాంటాయన ఆపరేషన్ అనగానే వణికిపోయారు. బీపీ దిగదు.

"నొప్పికి కాదమ్మా నా భయం. స్పృహ తప్పితే నోటికొచ్చిన చదువంతా పోతుందేమోనని" అన్నారు.

నడుముకి ఇంజెక్షన్ ఇస్తాం, స్పృహ తప్పదు స్వామీ అని చెప్పాను. అప్పుడు ఒక గంట కూర్చుని మాట్లాడి ఉంటే సరిపోయేది. బయట ఇంకా నలుగురున్నారు. చీటీ తీసుకుని ఆల్ప్రజోలమ్, రాత్రి ఒకటి, పది రోజులు అని రాశాను. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన, "ఆ మాత్ర చాలా బాగుందమ్మా, మనసు నెమ్మదిగా ఉంది" అన్నారు.

"మళ్ళీ ఎప్పుడైనా కంగారుగా అనిపిస్తే, అవసరమైతే వాడుకోండి" అన్నాను.

అవసరమైతే. ఈ మాటని ఏ మందు విషయంలోనైనా వాడండి, ఈ మందు విషయంలో వాడకండి. దీన్ని కొన్నాళ్ళు వేసుకున్నవాడికి అవసరం రోజూ సాయంత్రానికల్లా తయారైపోతుంది.

తొమ్మిదేళ్ళ తర్వాత ఎడమవైపు హెర్నియాతో మళ్ళీ వచ్చారు. మామిడికాయ సీజన్ అయిపోయాక మాకు ఆపరేషన్లు వరసగా ఉంటాయి, అందరూ అప్పటిదాకా వాయిదా వేసుకుంటారు కాబట్టి. ఆ గుంపులో నేను పది ప్రశ్నలు గబగబా అడిగాను. మందులేమైనా వాడుతున్నారా? బీపీ మాత్రొకటి, ఆయుర్వేదం చూర్ణం ఒకటి అన్నారు. ఆయన మునుపటిలా లేరు. నా ప్రశ్నకి జవాబు చెప్పేముందు భార్య ముఖం చూస్తున్నారు.

"జ్ఞాపకం తగ్గిందండీ" అన్నారు ఆండాళ్ళమ్మ గారు మెల్లగా. "గుళ్ళో చదువుతూ చదువుతూ ఆగిపోతున్నారు. రోజూ చేసే సహస్రనామ పారాయణమే. కమిటీ వాళ్ళు ఇంకో కుర్ర ఆచార్యుల్ని మాట్లాడారు. పండగలు అతనితో చేయిస్తారట. ఈయన్ని ఇక ఇంట్లో ఉండమంటారేమోనండీ."

వయసు, మతిమరుపు జబ్బు మొదలై ఉంటుంది, ఆపరేషన్ అయ్యాక స్కానింగ్ చేయిద్దాం అన్నాను. చూర్ణంలో ఏం కలుస్తుందో ఎవరికి తెలుసు? "బీపీ మాత్ర తప్ప మిగతావన్నీ రేపటి నుంచి ఆపేయండి" అని రాసిచ్చాను. ఆపరేషన్ మూడో రోజు.

ఆయన నా మాట అక్షరాలా పాటించారు.

ఆ ఉదయం

ఆపరేషన్ బల్ల మీదకి వచ్చేసరికి ఆయన చేతులు అదురుతున్నాయి. ఒళ్ళంతా చెమట. గుండె దడదడా కొట్టుకుంటోంది. దీపం వెలుతురు కళ్ళలోకి గుచ్చుకుంటోందని చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"పోయినసారీ ఇంతే కదా, భయం. కొంచెం మిడజోలమ్ ఇచ్చెయ్యండి మేడమ్, ఇంకా మూడు కేసులున్నాయి" అన్నారు చలపతి గారు చేతులు తుడుచుకుంటూ.

నేనూ భయమే అనుకున్నాను. కానీ వెలుతురు గుచ్చుకోవడం భయం లక్షణం కాదు. నా బుర్రలో ఏదో అడ్డం పడింది. సిరంజి కింద పెట్టి, "స్వామీ, రాత్రి నిద్రపోయారా?" అని అడిగాను.

"రెండు రాత్రులుగా లేదమ్మా. మీరు ఆపమన్నారు కదా, ఆ మాత్ర..."

మాట పూర్తి కాలేదు. కళ్ళు పైకి తిరిగాయి, దవడ బిగుసుకుంది, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. పక్కకి తిప్పాం. ఆక్సిజన్ పెట్టాం. అదే జాతి మందు లొరాజిపామ్ ఎక్కించాను. ఫిట్స్ ఆగడానికి రెండు నిమిషాలు పట్టిందేమో, నాకు ఆ పూటంతా పట్టినట్టుంది.

బయట ఆండాళ్ళమ్మ గారిని అడిగాను. "ఏ మాత్రండీ?"

"మీరు రాసిందే కదండీ" అని ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన చీటీ తీశారు. మడతల దగ్గర చిరిగిపోతే టేపు వేశారు. నా అక్షరాలు, నా సంతకం. "మొదట్లో ఒకటి. తర్వాత సరిపోవడం లేదని రెండు. ఇప్పుడు పొద్దున ఒకటి, రాత్రి రెండు. మందుల షాపతను ఈ చీటీ చూసే ఇస్తాడు."

"మొన్న మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే చెప్పలేదేంటండీ?"

"అది మందు కాదుగా, మనసు నెమ్మదికి వేసుకునేది అంటారండీ ఆయన."

తొమ్మిదేళ్ళుగా "ఆగు" అన్న మాటని గట్టిగా వినడానికి అలవాటు పడ్డ మెదడు, తన చెవిని తానే మొద్దుబార్చుకుంది. రిసెప్టర్లు తగ్గాయో, స్పందించడం మానాయో, ఏమైనా ఫలితం ఒకటే. మాత్ర ఒక్కసారిగా తీసేస్తే ఆపేవాడు లేడు. అన్నీ ఒకేసారి పరుగెత్తాయి. చదువుతూ ఆగిపోవడం మతిమరుపు జబ్బు కాకపోవచ్చు. నా మాత్రే కావచ్చు.

ఆ రోజు ఆపరేషన్ వాయిదా వేశాం. చలపతి గారు నన్ను పక్కకి పిలిచి, "ఫిట్స్ వచ్చాయని చెప్పండి చాలు. మీ చీటీ సంగతి ఎందుకు? వాళ్ళకి అర్థం కూడా కాదు" అన్నారు. నా మంచికే చెప్పారు. నాకు కోపం రాలేదు, ఒక్క క్షణం ఆ మాట నచ్చింది కూడా.

సాయంత్రం ఆచార్యులు గారు తేరుకున్నాక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదట నేను మాత్ర ఎప్పుడు ఆపాలో చెప్పలేదు, తర్వాత ఏం వాడుతున్నారో సరిగా అడగకుండా ఆపేయమన్నాను, రెండూ నా తప్పులే అని చెప్పాను. చదువు ఎందుకు జారిపోతోందో కూడా చెప్పాను. "ఇది మీకు ధైర్యం ఇచ్చిన మాట నిజమే స్వామీ. ధైర్యం ఇచ్చే చోటే కాకుండా జ్ఞాపకం ఉండే చోటికి కూడా వెళ్ళి కూర్చుంది."

ఆయన నా వైపు తిరిగారు. "అయితే నా చదువు పోలేదా అమ్మా?"

"తెలియదు స్వామీ. మాత్ర తగ్గిస్తే తెలుస్తుంది. కష్టంగా ఉంటుంది."

"పోయిందని అనలేదు మీరు. అది చాలు."

తగ్గించడం

విజయవాడలో నాకు తెలిసిన మానసిక వైద్యురాలితో మాట్లాడి, ఇద్దరం కలిసి పద్ధతి వేసుకున్నాం. ఆల్ప్రజోలమ్ ఒంట్లోంచి త్వరగా వెళ్ళిపోతుంది, అందుకే దాన్ని వదిలించుకోవడం కష్టం. దాని బదులు నెమ్మదిగా దిగే డయజిపామ్‌కి మార్చి, రెండు మూడు వారాలకొకసారి కొద్దికొద్దిగా తగ్గించాం. ఎనిమిది నెలలు పట్టింది. పది రోజుల్లో తగ్గిస్తామనే వాళ్ళని నమ్మకండి.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కరే బస్సెక్కి వచ్చారు. పంచె నలిగిపోయి ఉంది. తీర్థం పోస్తుంటే చెయ్యి వణికి ఒకామె చీర మీద పడిందట. కమిటీ ప్రెసిడెంటు అందరి ముందూ, "ఇక మీరు కూర్చోండి స్వామీ" అన్నాడట.

"గంట కొడితే తలలో కొట్టినట్టుందమ్మా. మీకు దణ్ణం పెడతాను, పాత మాత్ర రాయండి. చదువు పోతే పోయింది."

ఆయన నాకు చేతులెత్తుతుంటే పట్టుకుని ఆపాను. రాసేయాలని నాకూ అనిపించింది. ఆ పూటకి ఆయన ముఖం తేటపడేది, నాకు మంచి పేరూ వచ్చేది. "వెనక్కి వెళ్ళొద్దు స్వామీ. ముందుకీ వద్దు. ఆరు వారాలు ఉన్నచోటే ఉందాం. తగ్గించడం ఆపుతాను. ఆ తర్వాత మీరు చెప్పినప్పుడే మళ్ళీ మొదలు" అన్నాను. ఆ మధ్యాహ్నం మిగతా పేషంట్లని కూర్చోబెట్టి, తొమ్మిదేళ్ళ కిందట ఇవ్వాల్సిన గంట అప్పుడు ఇచ్చాను. ఆయన చిన్నప్పుడు తండ్రి దగ్గర పాఠం తప్పితే తినే దెబ్బల దగ్గర్నుంచీ చెప్పుకొచ్చారు. భయం అక్కడుంది. దానికి మాటలూ ఓపికా కావాలి. అంతకు ముందు ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే నేను వాళ్ళ ఊరు వెళ్ళి ప్రెసిడెంటుని కలిశాను. ఆచార్యులు గారి అనుమతితోనే. "ఇది ఆయనకొచ్చిన జబ్బు కాదండీ, నేను రాసిన మందు. నాలుగు నెలలు ఆగండి" అన్నాను. ఆయన నన్ను కిందా పైనా చూసి, "డాక్టరు తన తప్పని చెప్పడం ఇదే వినడమండీ" అన్నాడు. కమిటీ వాళ్ళు ఆగారు.

ఆరు వారాలయ్యాక ఆచార్యులు గారే ఫోన్ చేశారు. "మళ్ళీ తగ్గిద్దామమ్మా."

మత్తు లేకుండా

మాత్ర పూర్తిగా మానేసిన రెండు నెలలకి ఎడమవైపు హెర్నియా చేశాం. నడుముకి ఇంజెక్షన్, అంతే. బల్ల మీద పడుకుని, "చదువుకోవచ్చా?" అని అడిగారు. చలపతి గారు తలూపారు.

మొదలుపెట్టారు. గొంతు మునుపటంత కాదు, కానీ గదికి సరిపోయింది. నేను మానిటర్ చూస్తూ వింటున్నాను. సగం దాటాక ఒకచోట ఆగారు. సిస్టర్ నా వైపు చూసింది. చలపతి గారి చెయ్యి కూడా ఆగింది. ఆచార్యులు గారు కళ్ళు మూసుకుని కాస్త వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నారు, చివరిదాకా వెళ్ళారు.

"రెండు నామాలు పోయాయమ్మా" అన్నారు అయ్యాక. "పోయాయని నాకు తెలిసింది. ఇన్నాళ్ళూ అదే తెలిసేది కాదు. ఇంటికెళ్ళి పుస్తకం చూస్తాను."

ఉదయం సేవ ఆయనదే అయింది. పండగలకి కొత్త ఆచార్యులు పక్కన ఉంటారు. పూర్తిగా మునుపటిలా అయ్యారని చెప్పను, కాలేదు. ఆయన మాత్రం ఆ లెక్క వేసుకోరు.

ఆచార్యులు గారి ఆపరేషన్ రోజునే, కేసులన్నీ అయ్యాక చలపతి గారు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. అన్నేళ్ళలో ఆయన నా గదిలో కూర్చోవడం నాకు గుర్తు లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మేడమ్, నేనూ ఒక నిద్రమాత్ర వేసుకుంటున్నాను. జోల్పిడెమ్. ఆరేళ్ళయింది. అది వేరే రకమట కదా, ఆల్ఫా ఒకటి మీదే పనిచేస్తుందట, అందుకని అలవాటు కాదని ఆ కంపెనీ రిప్రజెంటేటివ్ చెప్పాడు."

"ఒకటి మీదే కాదు సర్, ఎక్కువగా దాని మీద. అలవాటులో ఆ ఒకటికీ భాగముంది."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. కేసుల్లో ఎప్పుడూ వణకని చేతులు. "ఈ మధ్య పొద్దున చేసిన కేసు పేరు మధ్యాహ్నానికి గుర్తు రావడం లేదు. వయసనుకున్నాను. ఆచార్యులు గారి చదువు వింటుంటే భయం పట్టుకుంది."

గోడ గడియారం చూశాను. బయట పేషంట్లున్నారు. సిస్టర్‌ని పిలిచి, ఒక గంట ఎవర్నీ లోపలికి పంపొద్దని చెప్పాను.

"చెప్పండి సర్. మొదటి మాత్ర ఎందుకు వేసుకున్నారు?"